ఎలెక్ట్రిక్ గిటారు: కదలు బ్రిడ్జియా, కదలని బ్రిడ్జియా?

రేడియోలో పాశ్చాత్య సంగీతము వచ్చుచున్నప్పుడు గిటారు స్వరము ఒక్కొక్కచోట, గాలికి దీపశిఖ వంగినట్లు, మెల్లగా క్రిందికి వంగి మరల తన స్థానమునకు వచ్చుటను శ్రోతలు వినియే యుందురు. అది వ్రేలితో తీగను ఊపుటవలన కలుగు కంపము కాదు. ఒక్క తీగ గాక మ్రోగుచున్న తీగలన్నియు ఒక్కసారిగా వంగి లేచుచుండును. వాద్యకారుని కుడిచేతి చెంత, గిటారు బ్రిడ్జినుండి వెలువడియున్న సన్నని ఉక్కు కడ్డీ యొకటి ఈ పనిని చేయును. కడ్డీని నొక్కినచో తీగలు సడలును. విడిచినచో మరల బిగియును. దీనినే వాద్యకారులు ట్రెమొలో కడ్డీ యందురు.

వినువారికి ఇది ఒక సొగసు. కొనువారికి మాత్రము ఇది ఒక చిక్కు. ఈ కడ్డీ గల గిటారులు ఒకే విధమైనవి కావు. అంగడిలో ప్రక్కప్రక్కనే వ్రేలాడుచు, చూపునకు అక్కచెల్లెండ్రవలె నుండి, చేతిలోనికి తీసికొన్న పిమ్మట వేర్వేరు స్వభావములను చూపును.

మా మేనకోడలు ఆరేండ్లు వీణ నేర్చుకొన్న పిల్ల. కళాశాలలో చేరిన పిదప ఆమెకు ఎలెక్ట్రిక్ గిటారుపై మనసు పోయినది. తాను కూడబెట్టుకొన్న సొమ్మునకు తండ్రి ఇచ్చిన సొమ్మును చేర్చి, అంగడిలో అన్నింటికంటె సొంపుగా కనిపించిన గిటారును కొనితెచ్చుకొన్నది. నెల తిరుగకముందే గిటారుతో మా యింటికి వచ్చి, ముఖము చిన్నబుచ్చుకొని, "మామయ్యా, నా చెవే పాడైపోయిందేమో! ఒక తీగ లాగి గమకం పలికిద్దామంటే తక్కిన తీగలన్నీ శ్రుతి దిగిపోతున్నాయి. శ్రుతి చేద్దామని కూర్చుంటే ఒకటి సరిచేసేసరికి ఇంకొకటి పోతోంది. ఇది నా వల్ల కాదు, అమ్మేస్తాను" అన్నది.

మేము ఆ గిటారును వెల్లకిల త్రిప్పి, వెనుకనున్న మూత విప్పి చూచితిమి. పిల్ల చెవికి ఏ లోపమును లేదు. గిటారునకును లేదు. ఆ గిటారు తాను ఏ పనికై చేయబడినదో ఆ పనినే చక్కగా చేయుచున్నది. ఆమె చేయగోరిన పని వేరు. ఇట్టి పొరపాటు మరికొన్ని ఇండ్లలో జరుగకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వీణ నెరిగినవారికి గిటారు అంగములు క్రొత్తవి కావు. ఒక చివర తీగలను బిగించు బిరడలు, వాని ముందు తీగలు ఆనియుండు మేరువు, పిదప మెట్లు, రెండవ చివర తీగలు ఎక్కి దిగెడి గుర్రము. గిటారులో ఈ గుర్రమునే బ్రిడ్జి యందురు. మేరువునకును బ్రిడ్జికిని నడుమ నున్న తీగయే మ్రోగును. దాని స్వరస్థానము తీగ పొడవును, బరువును, బిగువును అనుసరించి యుండును. మెట్టుపై నొక్కినచో పొడవు తగ్గును. గమకమునకై తీగను ప్రక్కకు లాగినచో బిగువు పెరుగును. కడ్డీ చేయునదియు బిగువును మార్చుటయే. అయితే వ్రేలు ఒక్క తీగను మార్చును. కడ్డీ బ్రిడ్జినే కదల్చి ఆరు తీగలను మార్చును.

పేరును గూర్చి ఒక మాట చెప్పవలెను. సంగీతశాస్త్రములో ట్రెమొలో యనగా నాదబలము హెచ్చి తగ్గుట. స్వరస్థానము వణకుటకు విబ్రాటో యని పేరు. కావున ఈ కడ్డీ చేయునది నిజమునకు విబ్రాటోయే. అమెరికాలో లియో ఫెండర్ 1954లో వెలువరించిన గిటారులోని పరికరమునకు ట్రెమొలో యని పేరు పెట్టగా, తప్పైనను ఆ పేరే లోకమున నిలిచినది. విచిత్రమేమనగా, ఆ సంస్థవారే తమ ఆంప్లిఫయర్లు పెక్కింటిలో నాదబలమును హెచ్చించి తగ్గించు ఏర్పాటునకు విబ్రాటో యని వ్రాసిరి. అంగడివారు ఏ పేరు చెప్పినను కొనువారు కలతపడ నక్కరలేదు.

ఇక అసలు విషయమునకు వత్తము. తీగ కంపనసంఖ్య దాని బిగువు యొక్క వర్గమూలమును అనుసరించును. ఒక అర్ధస్వరము దిగవలెనన్న బిగువులో సుమారు తొమ్మిదవ వంతు తగ్గవలెను. తీగను లాగి రెండు అర్ధస్వరములు, అనగా షడ్జమునుండి చతుశ్శ్రుతి రిషభము వరకు, పైకి తీసికొని పోవలెనన్న బిగువు సుమారు నాలుగవ వంతు పెరుగవలెను. సాధారణమైన తీగలు వేసిన గిటారులో ఆరు తీగల మొత్తము బిగువు సుమారు 100 పౌన్లు. ఇంత బలముతో తీగలు బ్రిడ్జిని మేరువు వైపునకు సదా లాగుచుండును.

కదలని బ్రిడ్జి గల గిటారులో ఈ బలమును కొయ్య భరించును. కదలు బ్రిడ్జిలో కొయ్య భరింపదు, స్ప్రింగులు భరించును. ఒక ప్రక్క తీగలు, రెండవ ప్రక్క స్ప్రింగులు, నడుమ బ్రిడ్జి. ఇది త్రాసు వంటిది. త్రాసులో ఒక తట్టను తాకినచో రెండవ తట్ట కదలక మానదు. ఒక తీగను వ్రేలితో లాగినప్పుడు ఆ తట్టలో బరువు పెరిగి బ్రిడ్జి ముందునకు ఒరుగును. తక్కిన అయిదు తీగలు సడలి వాని శ్రుతి దిగును. ఒక తీగ తెగినచో ఆ తట్ట తేలికపడి స్ప్రింగులు బ్రిడ్జిని వెనుకకు లాగును. మిగిలిన తీగల శ్రుతి పైకి పోవును. ఒక బిరడను త్రిప్పినచో ఆరు తీగల శ్రుతియు కొంత కొంత మారును. మా మేనకోడలు తన చెవిని నిందించుకొన్నది ఈ త్రాసు ధర్మము తెలియకయే. గిటారు కొనువారు ఈ ఒక్క విషయమును మనసున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభము.

ఇక ఏయే బ్రిడ్జి ఎట్టిదో వరుసగా చూతము.

మొదటిది కదలని బ్రిడ్జి. ఫెండర్‌వారి టెలికాస్టరు, గిబ్సన్‌వారి లెస్ పాల్ అను గిటారులు ఈ జాతికి చెందినవి. వీనిలో సాధారణముగా కడ్డీ యుండదు. ఒక తీగను ఎంత లాగినను తక్కిన తీగలు తమ స్థానమున నిలుచును. ఒక తీగ తెగినను పాట సాగును. శ్రుతిని మార్చి వాయింపగోరిన, ఉదాహరణకు క్రింది తీగలను షడ్జ పంచమములకు కట్టుకొనగోరిన, రెండు మూడు నిమిషములలో పని ముగియును. నేర్చుకొనువారికి ఇంతకంటె నమ్మకమైన తోడు లేదు. అయితే ఆ వంపు, ఆ అల, అన్ని తీగలు కలిసి దిగి లేచుట దీనికి చేతకాదు.

రెండవది బిగ్‌స్‌బీ. దీని పుట్టుక యొక ఫిర్యాదుతో మొదలైనది. 1930 దశకములో డాక్ కాఫ్‌మన్ అను నతడు కల్పించిన కడ్డీ పరికరము కొన్ని గిటారులకు అమర్పబడుచుండెను. అది శ్రుతిని నిలుపలేకపోయెను. మెర్ల్ ట్రావిస్ అను ప్రసిద్ధ వాద్యకారుడు తన గిటారుపై నున్న ఆ పరికరమును బాగుచేయుమని కాలిఫోర్నియాలోని పాల్ బిగ్‌స్‌బీ నడిగెను. యంత్రముల పనిలో ఆరితేరిన బిగ్‌స్‌బీ పాతదానిని బాగుచేయుటకంటె క్రొత్తది చేయుటయే మేలని తలచి 1940 దశకపు చివర తన పరికరమును తయారుచేసెను. ఇందులో తీగల చివరలు గుండ్రని కమ్మిని చుట్టుకొనియుండును. కడ్డీని నొక్కినచో కమ్మి కొంచెము తిరిగి తీగలు సడలును. కడ్డీ క్రింద నున్న పొట్టి స్ప్రింగు ఒక్కటే దానిని మరల లేపును.

బిగ్‌స్‌బీ కదలిక స్వల్పము. ఒక అర్ధస్వరము, లేదా అంతకు కొంచెము హెచ్చు. కాని ఆ స్వల్పములోనే దాని అందము కలదు. నిదానమైన పాటలో స్వరసమూహమును మీటి, కడ్డీని అరచేతితో మెల్లగా తాకినచో ఆ స్వరములన్నియు నీటిపై వెలుగువలె మెరయును. చెట్ అట్కిన్స్, డ్యువాన్ ఎడ్డీ మున్నగువారి వాద్యములో వినబడు మృదువైన కంపము దీని చలవయే. దీని కష్టములును రెండు మూడు కలవు. తీగ చివరనున్న గుండును చిన్న మేకునకు తగిలించి, జారకుండ పట్టుకొని బిగించుట మొదట విసుగు పుట్టించును. పరికరము బరువైనది. తీగ బ్రిడ్జిపై జరుగునప్పుడు రాపిడి కలిగి, ఒక్కొక్కసారి తన స్థానమునకు తిరిగి రాదు.

మూడవది 1954లో ఫెండర్‌వారు స్ట్రాటోకాస్టరు గిటారుతో వెలువరించినది. నేడు లోకములో హెచ్చుగా కనబడు కడ్డీ గిటారులు దీనివే, లేక దీని ననుకరించినవే. బ్రిడ్జిగా నున్న లోహపు పలక ముందు అంచున ఆరు మరలపై ఊగును. పలక క్రింద ఉక్కు దిమ్మె యొకటి గిటారు గర్భములోనికి దిగియుండును. తీగలు ఆ దిమ్మె గుండ వచ్చును. దిమ్మె అడుగున స్ప్రింగులు తగిలించుటకు అయిదు రంధ్రములు కలవు. స్ప్రింగుల రెండవ చివరలు పంజా వంటి రేకును పట్టుకొనియుండును. ఆ రేకును రెండు పొడవైన మరలు కొయ్యకు బిగించును. బ్రిడ్జియు, తీగలను పట్టు భాగమును కలిసి కదలుటచేత తీగ బ్రిడ్జిపై రాచుకొనుట తగ్గినది. ఫెండర్‌వారు చేసిన మేలు ఇది. 1960లో షాడోస్ బృందమువారి 'అపాచీ' యను వాద్యగీతములో హాంక్ మార్విన్ ఈ కడ్డీని సున్నితముగా వాడెను. 1969లో వుడ్‌స్టాక్ ఉత్సవమున జిమి హెండ్రిక్స్ తన దేశపు జాతీయగీతమును వాయించుచు, ఈ కడ్డీతోనే విమానముల రొదను, బాంబుల మ్రోతను తలపించెను. ఒక పరికరమే ఇద్దరి చేతులలో ఇంత భిన్నముగా పలికినది.

ఈ బ్రిడ్జికి మరియొక గుణము కలదు. దీనిని మూడు విధములుగా అమర్చుకొనవచ్చును. పలక వెనుక అంచు కొయ్యనుండి సుమారు అంగుళములో ఎనిమిదవ వంతు లేచియుండునట్లు అమర్చినచో కడ్డీ క్రిందికిని పైకిని పనిచేయును. త్రాసు ధర్మము వర్తించును. వెనుక మరలను మరి కొంత బిగించి పలక కొయ్యపై ఆనునట్లు చేసినచో కడ్డీ క్రిందికి మాత్రమే పనిచేయును. కాని తీగను లాగినప్పుడు తక్కినవి అంతగా చెదరవు, తీగ తెగినను పాట ఆగదు. మూడవ విధము, గర్భములో దిమ్మె వెనుక కొయ్యముక్కను దూర్చి బ్రిడ్జిని పూర్తిగా కదలకుండ చేయుట. ఎరిక్ క్లాప్టన్ వంటి మహావాద్యకారుడు తన గిటారును ఇట్లే అమర్చుకొనెను. మరల కోరినప్పుడు కొయ్యముక్కను తీసివేయవచ్చును. తమ అభిరుచి ఎటు పోవునో ఇంకను తెలియని వారికి ఈ సౌలభ్యము చిన్నది కాదు.

ఫెండర్‌వారే 1958లో జాజ్‌మాస్టరు గిటారునకు మరియొక విధమైన పరికరమును అమర్చిరి. దాని కదలిక మృదువైనది. తీగ తెగినప్పుడు తక్కిన తీగల శ్రుతి చెదరకుండ నిలుపుటకు అందులో చిన్న గడియ కూడ కలదు. త్రాసు వలని చిక్కును చేసినవారే ఎరిగియుండిరనుటకు ఆ గడియయే సాక్ష్యము.

నాలుగవది రెండు వైపుల తాళము గల బ్రిడ్జి. కడ్డీని గట్టిగా వాడినప్పుడు శ్రుతి పోవుటకు ముఖ్యకారణము మేరువు దగ్గర రాపిడి. సడలిన తీగ మేరువు గాడిలో జారి, మరల బిగియునప్పుడు గాడిలో చిక్కుకొని పూర్తిగా వెనుకకు రాదు. నగల పనియందు నేర్పు గల ఫ్లాయిడ్ రోజ్ అను అమెరికా వాద్యకారుడు 1970 దశకము నడుమ దీనికి మందు కనిపెట్టెను. మేరువు వద్దనే తీగలను మరలతో బిగించి తాళము వేసెను. బ్రిడ్జి వద్దను అట్లే పట్టు వేసెను. తీగ జారుటకు చోటే లేదు. 1979లో అతనికి పేటెంటు లభించెను. మేరువు వద్ద తాళము వేసిన పిమ్మట బిరడలు పనిచేయవు గనుక, బ్రిడ్జి వద్దనే శ్రుతిని కొద్దికొద్దిగా సవరించుటకు చిన్న మరలు పిదప చేర్చబడినవి. మన వీణలో నాగపాశము దగ్గర లంగరులు చేయు పనియే ఇది. ఎడ్డీ వాన్ హాలెన్ వంటివారు దీనిని వాడి ప్రసిద్ధికి తెచ్చిరి. తీగలు వ్రేలాడబడునంతగా కడ్డీని నొక్కి విడిచినను శ్రుతి తిరిగి వచ్చుట చూచినప్పుడు ఆశ్చర్యము కలుగును.

అయితే ఇక్కడ ఒక భ్రమ కలదు. ఈ బ్రిడ్జి శ్రుతిని నిలుపునని అంగడివారు చెప్పుదురు. ఆ మాట నిజమే. కడ్డీని వాడిన పిదప శ్రుతిని తిరిగి తెచ్చుటలో దీనికి సాటి లేదు. కాని తీగను వ్రేలితో లాగునంతసేపు తక్కిన తీగల శ్రుతిని నిలుపుట దీనివలన కాదు. తాళములు తీగ జారుటను ఆపును గాని త్రాసు ఊగుటను ఆపవు. పైగా ఇది సాధారణముగా రెండు మేకుల అంచులపై కత్తివలె ఆని, చీమ తాకినను కదలునంత సున్నితముగా నుండును. తీగ మార్చవలెనన్న గుండును కత్తిరించి, అలెన్ కీతో తాళములు విప్పి బిగింపవలెను. శ్రుతి పద్ధతిని మార్చవలెనన్న ఒక పూట పోవును. తక్కువ వెలకు చేసిన నకళ్లలో లోహము మెత్తనిదై, కత్తి అంచు అరిగి, దీనికి గల ఒక్క గొప్ప గుణమును కోల్పోవును. కావున ఈ జాతిలో చౌకదానిని కొనుటకంటె, ఆ సొమ్మునకు కదలని బ్రిడ్జి గల మంచి గిటారును కొనుట మేలు.

ఇక ఎన్నుకొనుట యెట్లు? ఏది గొప్పదని అడుగరాదు. మా చేయి ఏమి చేయును, అని అడుగుకొనవలెను.

చేతి వ్రేళ్లతోనే స్వరమును నడపగోరువారికి, ముఖ్యముగా క్రింది తీగలను శ్రుతివలె మ్రోగించుచు పై తీగపై గమకములు పలికింపగోరువారికి, కదలని బ్రిడ్జియే తగినది. పాలకొల్లులో 1969లో జన్మించి 2014లో కీర్తిశేషులైన మాండలిన్ శ్రీనివాస్‌ను శ్రోతలు మరువలేరు. ఆయన అయిదు ఒంటి తీగల ఎలెక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతపు గమకములను పలికించెను. ఆ గమకములన్నియు వ్రేళ్లలోనివే, కడ్డీలోనివి కావు. విద్యుద్వాద్యముపై మన సంగీతము నిలుచునా యను సందేహమునకు ఆయన వాద్యమే సమాధానము.

నిదానమైన పాటలలో స్వరసమూహములకు మెరుపు చేర్చగోరువారికి బిగ్‌స్‌బీ చాలును. అన్నింటిని కొంచెము కొంచెముగా చవిచూడగోరు విద్యార్థికి స్ట్రాటోకాస్టరు జాతి గిటారును, పలక కొయ్యపై ఆనునట్లు అమర్చి ఇచ్చుట యుక్తము. కడ్డీయే తన వాద్యమునకు ప్రాణమని నిశ్చయించుకొన్నవారు మాత్రమే రెండు తాళముల బ్రిడ్జిని కోరవలెను; కోరిన పిదప దాని సేవకు కావలసిన ఓపికను కూడ తెచ్చుకొనవలెను.

అంగడిలో చేయదగిన పరీక్షలు మూడు కలవు. శ్రుతి చేసిన గిటారును తీసికొని, అన్నింటికంటె లావైన ఆరవ తీగను మీటి, అది మ్రోగుచుండగా మూడవ తీగను మెట్టుపై లాగి చూడవలెను. ఆరవ తీగ శ్రుతి దిగుచున్నదా? ఎంత దిగుచున్నది? ఇది మొదటి పరీక్ష. కడ్డీని మూడు మారులు నెమ్మదిగా నొక్కి విడిచి, శ్రుతి తిరిగి వచ్చినదో లేదో చూచుట రెండవది. బిరడను కొద్దికొద్దిగా త్రిప్పుచు మేరువు దగ్గర టిక్కుమను చప్పుడు వినబడునేమో గమనించుట మూడవది. చప్పుడు వినబడినచో తీగ గాడిలో చిక్కుకొనుచున్నదని గ్రహింపవలెను. గాడిలో పెన్సిలు ములికి పొడి రాచినచో చాలవరకు ఈ దోషము తగ్గును. స్వల్పమైన వెల గల పెన్సిలు వేల రూపాయల గిటారును కాపాడుట కలదు.

ఇంటికి తెచ్చిన పిదప తీగలను ఒక్కొక్కదానినే మార్చవలెను. ఆరింటిని ఒక్కసారి విప్పినచో స్ప్రింగులు బ్రిడ్జిని వెనుకకు లాగివేయును. లావు తీగలు వేసినప్పుడు బిగువు పెరుగును గనుక వెనుక మరలను కొంత బిగింపవలెను, లేదా స్ప్రింగు నొకదానిని చేర్చవలెను. ఈ పనులు గడియారము బాగుచేయునంత కష్టమైనవి కావు. ఇంటిలో స్క్రూడ్రైవరు పట్టగలవారు ఎవరైనను చేయవచ్చును.

మా మేనకోడలి గిటారు రెండు తాళముల జాతిది. దానిని అమ్మింపలేదు. వడ్రంగి యింట దొరికిన టేకుముక్కను కొలతకు నునుపు చేయించి, దిమ్మెకు రెండు వైపుల దూర్చితిమి. బ్రిడ్జి కదలుట మానినది. ఆమె క్రింది తీగలను షడ్జ పంచమములకు కట్టుకొని, వానిని మీటి, పై తీగపై గాంధారమును ఊపి చూచినది. శ్రుతి చెదరలేదు. కొంతసేపు మాటాడక, తల వంచి, తీగ మ్రోత ఆగువరకు వినుచు కూర్చున్నది. పిదప, "మామయ్యా, చెక్కముక్క తీస్తే మళ్లీ కడ్డీ పనిచేస్తుంది కదా?" అన్నది.

"చేస్తుందమ్మా. ఎప్పుడు కావలిస్తే అప్పుడు తీసుకోవచ్చు" అంటిమి.

"ఇప్పుడప్పుడే వద్దులెండి" అని గిటారును సంచిలో పెట్టుకొన్నది. అమ్మకపు మాట మరల ఎత్తలేదు.